‘పండగ సారూ!’: టీకా తాత్పర్య సహితం

మూలం: “పండగ సారూ, ఏమన్నా ఇచ్చి పోండి.”

అవతారిక. ఎండలు ముదిరి, ఇప్పపువ్వు ఏరడం అయిపోయి, తొలకరి కోసం ఆకాశం వైపు చూసే రోజుల్లో భద్రాచలం నుంచి కూనవరం, చింతూరు, దుమ్ముగూడెం, చర్ల వైపు పోయే రోడ్ల మీద వినబడే వాక్యం ఇది. రోడ్డుకు అడ్డంగా నడుమెత్తున ఒక తాడు, కొన్నిచోట్ల తాడుకు బదులు వెదురు బొంగు. ఆ కొసన ఇద్దరు, ఈ కొసన ఇద్దరు కోయ ఆడవాళ్లు. పక్కన ఒకరి నడుం మీద ఒకరు చేయి వేసుకుని రేలపాట పాడుతూ అడుగులేసే వరస. బండి ఆగుతుంది. అప్పుడీ వాక్యం. కాళిదాసుకు మెదకు సీమ కొల్చారం నుంచి మల్లినాథసూరి దొరికాడు. మన ప్రబంధాలకు వావిళ్ల వారి పండితులు దొరికారు. ఐదే ఐదు మాటల ఈ వాక్యానికి మాత్రం ఒక్క వ్యాఖ్యాతా దొరకలేదు. దొరకకపోవడం వల్లే కారు అద్దం వెనక కూర్చున్న ప్రతివాడూ తనకు తోచిన అర్థం చెప్పుకుని పోతున్నాడు. ఒకడికి ఇది బిచ్చం, ఒకడికి దారిదోపిడీ, ఇంకొకడికి ఫోన్లో తీసి చుట్టాల గ్రూపుకు పంపాల్సిన వింత. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథుడు నియమం పెట్టుకున్నాడు. అందులో మొదటి సగాన్ని ఈ టీక తప్పకుండా పాటిస్తుంది. రెండో సగం సంగతి పాఠకులు తేల్చాలి.

అధికారి నిర్ణయం. శాస్త్రం మొదలుపెట్టే ముందు దాన్ని చదవడానికి అర్హుడెవరో చెప్పడం సంప్రదాయం. మన గ్రంథానికి అధికారి నిజంగానే అధికారి: బదిలీ మీద ఏజెన్సీకి వచ్చిన బ్యాంకు ఉద్యోగి, టీచరు, డాక్టరు, వ్యవసాయ శాఖ మనిషి, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో ఫైళ్లు చూసే గుమస్తా. ఖమ్మంలోనో గుంటూరులోనో కరీంనగర్లోనో పుట్టి, పాస్‌పోర్టు అక్కర్లేకుండానే పరదేశం చేరినవాడు. పరదేశమనడం అతిశయోక్తి అనుకునేవాళ్లు చట్టం చూడాలి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 నాటి ఒకటో నిబంధన (జనం నోట్లో ‘వన్ ఆఫ్ సెవెంటీ’) ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు కొత్తగా గజం నేల కొనడానికి లేదు. ఎన్నేళ్లు కొలువు చేసినా అద్దెకుండి, రిటైరై, సామాను లారీకెత్తుకోవాల్సిందే. అంటే ఇతను మర్యాదకు పిలిచిన అతిథి కాదు, చట్టరీత్యా అతిథి. ఈ ఊళ్ల మీద గీతలు మారిన తీరు కూడా కాస్త చూడాలి. 1860లో ఈ తాలూకాలు నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చి మధ్య పరగణాల కింద ఉన్నాయి. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు, 1959లో ఖమ్మానికి మారాయి. 2014లో చుట్టుపట్ల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా భద్రాచలం పట్నం తెలంగాణలోనే ఉండిపోయింది, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఊళ్లు కదల్లేదు, బోర్డులు కదిలాయి. ఇవాళ భద్రాచలం దాటి ఎటపాకలో అడుగు పెడితే ఒక రాష్ట్రం, చింతూరు దాటి కుంట చేరితే మరో రాష్ట్రం. తాడు మాత్రం అన్నిచోట్లా అదే తాడు. బస్తర్ వైపు కూడా విత్తనాల పండగకు ఆడవాళ్లు ఇలాగే రోడ్డు మీద నిలబడతారు. అక్కడ వాక్యం భాష మారుతుంది గానీ అన్వయం మారదు.

ప్రతిపదార్థం. పండగ = కోయ మాటలో విజ్జ పండుం, తెలుగులో భూమి పండుగ, అంటే విత్తనాల పండగ. ఇంటింటి నుంచీ తెచ్చిన విత్తనాలను ఊరి దేవత ముందు పెట్టి, పూజ చేయించి, ఆ గింజలను తిరిగి తీసుకున్నాకే నేలలో చల్లుతారు. అంతదాకా ఎవరి గింజ వాళ్ల గాదెలోదే అయినా చల్లే హక్కు మాత్రం వాళ్లొక్కరిది కాదు. ఆ రోజుల్లోనే మగవాళ్లు విల్లంబులతో అడవికి వేటకు పోతారు, ఆడవాళ్లు రోడ్డెక్కుతారు. కోయల ఏడాది మొత్తం ఇలాంటి అనుమతుల మీదే నడుస్తుంది. మామిడికాయకు ఒక పండగ, చిక్కుడుకాయకు ఒక పండగ, కొత్త ధాన్యానికి ఇంకొకటి. పండగ కానిదే కొత్తకాయ నోట పెట్టరు. ఇది విని ‘ఇదేం విడ్డూరం’ అనే అధికారి తన ఇంట్లో ఉగాది పొద్దున ఏం జరుగుతుందో గుర్తు చేసుకోవాలి. కొత్త మామిడి, కొత్త చింతపండు, వేపపువ్వు దేవుడి ముందు పెట్టి గానీ నోట్లో వేసుకోని ఇళ్లు మైదానంలో నేటికీ ఉన్నాయి. మనం అన్నిటినీ ఒక గిన్నెలో కలిపేసి ఒక్క పూటలో ముగించాం. వాళ్లు కాయకొక రోజు ఇచ్చారు. సెలవులు ఎవరికి ఎక్కువ కావాలో చెప్పనక్కర్లేదు.

సారూ = ఓ బండిలోని పెద్దమనిషీ! దీనికి పాఠభేదాలున్నాయి. బైకు మీద వచ్చేవాడికి ‘అన్నా’ అనీ, లారీ వాడికి ‘డ్రైవరన్నా’ అనీ, ముందు సీట్లో ఆవిడ ఉంటే ‘మేడమ్’ అనీ పాఠాలు. అన్నీ సాధువులే. ఏమన్నా = ఎంతైనా సరే. టీకాకారుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. జగదల్‌పూర్ నుంచి కుంట, చింతూరు, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ వైపు దిగే 30వ నంబరు జాతీయ రహదారి మీద, రేటు చెప్పకుండా బండి ఆపే చోటు ఇదొక్కటే. టోల్‌గేటు దగ్గర రేటు బోర్డు మీద రాసి ఉంటుంది, బేరం లేదు. 2021లో ఫాస్టాగ్ లేకపోతే రెట్టింపు అన్నారు. అక్కడ కూడా కర్ర అడ్డం పడుతుంది, డబ్బు తెగాకే లేస్తుంది. పాట మాత్రం ఎవరూ పాడరు. ఇచ్చి = క్త్వార్థకం. ముందు ఇవ్వడం, తర్వాత పోవడం అనే క్రమాన్ని మాత్రమే చెబుతుంది. ‘ఇస్తే పోండి’ అని చేదర్థకం వేసి ఉంటే షరతు అయ్యేది, ‘ఇవ్వకపోతే’ అని ఉంటే బెదిరింపు అయ్యేది. పోండి = పోవడం ఖాయమే అని అభయం. అయితే తాడు కళ్లెదుట కనిపిస్తుండగా వ్యాకరణం ఒక్కదాని మీదే సిద్ధాంతం కట్టడం పండితుల పని గానీ డ్రైవర్ల పని కాదు. అందుకని లోకప్రమాణాలు కూడా చూపిస్తాను.

తాత్పర్యం. ఓ పెద్దమనిషీ, మా ఊరి విత్తనాలకు ఇవాళ పండగ. నువ్వు మా ఊరి మీదుగానే పోతున్నావు గనక ఇందులో నీకూ భాగం ఉంది. నీకు తోచింది ఈ పళ్లెంలో వేసి సుఖంగా వెళ్లు.

పూర్వపక్షం. ‘భాగమూ లేదు, పాడూ లేదు. అడ్డం నిలబడి అడిగితే అది వసూలు. సర్కారు రోడ్డు మీద తాడు కట్టే హక్కు వీళ్లకెవరిచ్చారు?’ అని మొదటి ఆక్షేపణ. జవాబు కాస్త దూరం నుంచి మొదలుపెడదాం. మధ్యయుగాల ఇంగ్లండులో ఈస్టర్ అయిన రెండో వారం సోమ, మంగళవారాల్లో హాక్‌టైడ్ అని ఒక పండగ జరిగేది. ఒక రోజు ఆడవాళ్లు వీధిలో మగవాళ్లను తాళ్లతో ఆపి, కట్టి, డబ్బిస్తే గానీ వదిలేవాళ్లు కాదు. మరో రోజు మగవాళ్ల వంతు. ఆ డబ్బు చర్చికి చేరేది. చర్చి లెక్కల పుస్తకాల్లో ఆడవాళ్ల వసూళ్లే సాధారణంగా ఎక్కువగా కనిపిస్తాయి. (ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు.) 1450లో ఊస్టర్ బిషప్పు ఇది తగదని నిషేధించాడు, పండగ మాత్రం వెంటనే చావలేదు. హంగర్‌ఫర్డ్ అనే ఊళ్లో దాని రూపం ఒకటి ఇప్పటికీ బతికే ఉంది. అదే దేశం నుంచి వచ్చి దుమ్ముగూడెంలో కాపురమున్న మిషనరీ జాన్ కెయిన్ 1870లలో ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల వింత ఆచారాల మీద వ్యాసాలు రాశాడు. తన తాతల కాలపు తాళ్లు ఆయనకు గుర్తొచ్చి ఉంటే ఆ వ్యాసాలు ఇంకో రకంగా ఉండేవేమో.

ఇంగ్లండు ఎందుకు, మన గుమ్మం చూద్దాం. పెళ్లి చేసుకుని కొత్త జంట ఇంట్లో అడుగు పెట్టబోతే ఆడపడుచులు వాకిట్లో అడ్డం నిలబడి, పేర్లు చెప్పించి, చేతిలో పడాల్సింది పడ్డాకే దారి ఇస్తారు. సొంత ఇంట్లోకి సొంత మనిషినే రానివ్వని ఈ వసూలు మీద పోలీసు కేసు పెట్టిన పెళ్లికొడుకు లేడు. హోలీ ముందు రోజుల్లో తెలంగాణ పిల్లలు కోలలు పట్టుకుని జాజిరి పాటలతో వాకిలి వాకిలీ తిరుగుతారు. వినాయక చవితికి వీధి మొగలో చందా కుర్రాళ్లు రసీదు పుస్తకంతో సహా బండి ముందుకొచ్చి నిలబడతారు, అంకె కూడా వాళ్లే వేస్తారు. దసరాకు మామూలు అడిగేవాళ్ల జాబితా చెప్పాలంటే ఇంకో టీక కావాలి. ఈ లెక్కన తాడు మనకు కొత్త కాదు. తాడు పట్టుకున్నవాళ్లు కొత్త.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం సముద్రానికి ఆవల ఉంది. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లకు మొదటి అక్టోబరు 31 సాయంత్రం ఏమవుతుంది? తలుపు గంట మోగుతుంది. తీస్తే వాకిట్లో దయ్యాలు, భూతాలు, అస్థిపంజరాల వేషాల్లో పక్కిళ్ల పిల్లలు సంచులు చాపి నిలబడి ఉంటారు. వాళ్లు అనే మాట తీపి పెడతావా, తుంటరిపని చేయమంటావా అని. మన మూలంతో పోలిస్తే అందులో చేదర్థకం చాలా స్పష్టంగా ఉంది. అయినా మన తెలుగువాడు దాన్ని బెదిరింపు అనలేదు. అనకపోగా రెండో ఏటికల్లా వాకిట్లో గుమ్మడికాయ దొలిచి పెట్టాడు. వరండా లైటు వేసి ఉంచితే రావచ్చని, ఆర్పితే రావద్దని గుర్తు అనే సూక్ష్మం కూడా పట్టేశాడు. చాక్లెట్ సంచులు ముందే కొని దాచాడు, తన పిల్లలకూ వేషాలు కట్టి పంపాడు. ఇంటికి ఫోన్ చేసి ‘ఇక్కడ పండగలు ఎంత బాగుంటాయో’ అన్నాడు. పరాయి ఆచారం నేర్చుకునే బుద్ధి మనకు లేదని ఎవరూ అనలేరు, ఒక్క ఏడాదిలో నేర్చుకున్నాం. మరి అంత చురుకైన బుద్ధి చింతూరు రోడ్డు మీద ఎందుకు మొరాయిస్తుంది? అమెరికాకు మనం బతకడానికి పోయాం, ఏజెన్సీకి అధికారం చేయడానికి వచ్చాం. అక్కడ తలుపు తట్టినవాడు మనకన్నా పైవాడు, ఇక్కడ తాడు పట్టుకున్నది మనం కిందివాళ్లనుకునే మనుషులు. ఆచారం ఒకటే అయినా అడిగేవాళ్ల అంతస్తును బట్టి దానికి మనం పెట్టే పేరు మారుతోంది. ఈ టీకాకారుడి ప్రధాన సిద్ధాంతం ఇదే.

రెండో ఆక్షేపణ కాస్త చదువుకున్నవాళ్లది. ‘అసలు ఆచారం వేట. రోడ్డు మీద తాడు కట్టడం రోడ్లు పడ్డాక పుట్టింది. ఇది పండగ కాదు, పండగకు పట్టిన చెద’ అంటారు. రోడ్డు లేనప్పుడు రోడ్డు మీద తాడు ఉండదన్నది నిర్వివాదం. కానీ వేట ఏమైంది? 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. విల్లు పట్టుకుని అడవికి పోవడం కేసు అయ్యింది. ఆ చట్టం వద్దనడం నా ఉద్దేశం కాదు. దానివల్ల ఈ పండగలో మగవాళ్ల సగం చాలావరకు తంతుగా మిగిలిందని మాత్రం గమనించాలి. విశాఖ మన్యంలో ఇటుకల పండగకు కూడా ఇదే పొత్తు: మగవాళ్లు వేటకు పోతారు, ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారు, ఆడపిల్లలు దారికి గేటు కట్టి డబ్బు అడుగుతారు. ఇప్పుడు అడవిలో జంతువు లేదు, ఉన్నా ముట్టకూడదు. రోడ్డు మీద మాత్రం రోజూ మంద మందలుగా ఇన్నోవాలు పోతున్నాయి. తాడు కట్టి ఆపుతున్నారు, భాగం తీసుకుంటున్నారు, చంపకుండా వదిలేస్తున్నారు. ధ్వని సిద్ధాంతం చెప్పిన ఆనందవర్ధనుడు ఈ రోడ్డున వచ్చి ఉంటే దీన్ని ధ్వని కావ్యాల్లో చేర్చేవాడు. వేట వాచ్యంగా లేదు, వ్యంగ్యంగా మాత్రం నిండా ఉంది. మృగం తానేనని తెలియకపోవడమే కారులోని పెద్దమనిషికి వచ్చిన చిక్కు.

ఆచారం కొత్త రోడ్డెక్కితే చెడిపోయినట్టే అయితే, తాడుకు కూతవేటు దూరంలో ఉన్న రాముడి గుడినీ అదే తక్కెడలో పెట్టాలి. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు రావడం తానీషా కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అని చెప్పుకుంటాం. ఆ తలంబ్రాలు 2022 నుంచి ఆర్టీసీ కార్గోలో ఇంటింటికీ పోతున్నాయి. 2023లో వెల 116 రూపాయలు, ఆ చివరి పదహారులో కూడా శాస్త్రం ఉంది చూశారా. గులాలు కలిసిన ఆ బియ్యం హైదరాబాదులో మూడో అంతస్తు దాకా పార్శిల్ కవర్లో చేరితే మనం కళ్లకద్దుకున్నాం. ఆచారం బస్సెక్కిందని సంతోషించాం. దేవుడి పెళ్లి అక్షింతలకు రోడ్డు అచ్చొచ్చినప్పుడు విత్తనాల పండగకు ఎందుకు అచ్చిరాకూడదు?

మూడో ఆక్షేపణలో నిజం ఉంది, ఒప్పుకోవాలి. ‘ఒక తాడైతే సరే. మైలుకో తాడు ఉంటే? చిల్లర అయిపోతే? ఆస్పత్రికి పోయే బండి ఆగితే?’ అంటారు. మైలుకో తాడు ఎందుకంటే మైలుకో ఊరు గనక. ఏ ఊరి విత్తనాలు ఆ ఊరివి, ఒక ఊరికి ఇచ్చిన పది రూపాయలు పక్క ఊరి గింజను మొలిపించవు. కానీ ప్రయాణికుడి ఓపికకూ హద్దుంటుంది, పెద్దనోటు తీసి చిల్లర అడిగే ధైర్యం అందరికీ ఉండదు. అంబులెన్సుకు తాడు దిగాలి, అందులో చర్చ లేదు. పండగ లేని రోజున ఎవరైనా తాడు కట్టినా, తాగి అద్దాలు బాదినా, ఇంతివ్వాల్సిందేనని అంకె చెప్పినా అది ప్రక్షిప్తం. మూలంలో ‘ఏమన్నా’ అని ఉంది, ఇంత అని లేదు. ప్రక్షిప్త శ్లోకాలున్నాయని రామాయణాన్ని ఎవరూ పారేయలేదు. ఏరి పక్కన పెట్టుకుంటారు. ఇక్కడా ఆ పనే చేయాలి.

చివరి ఆక్షేపణ మర్యాదస్తులది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది కూడా. ‘వాళ్ల పండగ వాళ్లు చేసుకోనీ, మన పండగ మనం చేసుకుందాం, ఒకరి దారికి ఒకరం అడ్డం రావద్దు’ అంటారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ పండగ అన్నాక ఎవరి దారికో ఒకరి దారికి అడ్డం వస్తుంది. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. ఆ రోజు అక్కడి చైనావాడూ క్రియోల్‌వాడూ బ్యాంకుకు పోతే తలుపు మూసి ఉంటుంది. ఎక్కడి నుంచో చెరుకు తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ల ఏడాది మొదలైందని వాళ్లు ఆ మూసిన తలుపు ముందు తెలుసుకుంటారు. న్యూయార్క్ నగరం బడులకు దీపావళిని సెలవు చేస్తూ 2023 నవంబరులో చట్టం వచ్చింది. దీపావళి అంటే ఏమిటో తెలియని ఇళ్లలో తల్లిదండ్రులు ఆ రోజు పిల్లల్ని ఎక్కడ వదలాలా అని తలపట్టుకుని ఉంటారు. మనం పండగ చేసుకున్నాం, తప్పేమీ లేదు. మన పండగ కోసం ఒక మహానగరం ఆగాలని కోరడం హక్కు అయినప్పుడు, ఒక కోయ ఊరి విత్తనాల కోసం మన కారు రెండు నిమిషాలు ఆగడం ఉపద్రవం ఎలా అవుతుంది? ఇంకో సంగతి. తాడు పట్టుకున్నవాళ్లందరూ తరతరాల స్థానికులే అని కూడా అనుకోవద్దు. 2005 తర్వాత, మావోయిస్టుల మీద సర్కారు అండతో సాగిన సల్వా జుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చి ఈ అడవుల్లో గుడిసెలు వేసుకున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్లకూ ఇది పరాయి చోటే, కాయితాల్లో ఊరి పేరు లేని చోటు. అలాంటివాళ్లు కూడా విత్తనం చేతపట్టే ముందు పండగ చేస్తారు. పరదేశంలో ఉండి పండగ వదలని వాళ్లను మెచ్చుకునే అలవాటు మనకు టెక్సాస్ దాకానే ఉండకూడదు.

కాబట్టి పాఠక మహాశయా, వచ్చే వేసవిలో శబరి ఒడ్డునో గోదావరి ఒడ్డునో నీ బండికి ఒక తాడు అడ్డం వస్తే, ఈ టీక అంతా గుర్తుండనక్కర్లేదు. పది రూపాయల నోట్లు ఒక కట్ట డాష్‌బోర్డులో పెట్టుకో. ఫోన్ జేబులోనే ఉంచు, అడక్కుండా వీడియో తీయకు. దిగి, ఏ ఊరి పండగ అమ్మా అని అడుగు, చెబుతారు. దిగే తీరిక లేకపోతే అద్దమన్నా దించు.